తేడా లేదన్న తెర

ఆసుపత్రి వంటగది పక్క గదిలో పనిచేసే ఆమెను అందరూ భూతద్దం అంటారు. ఆమె కన్ను తప్పించుకుని చీమ కూడా పోదని పేరు. ఆ పేరంటే ఆమెకూ లోలోపల మురిపెమే, లేదంటే అబద్ధం!

ఏ రోగికి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో వార్డుల నుంచి ఫైలు వస్తుంది. దాన్ని వంటగది కంప్యూటర్‌లోకి ఎక్కించి, అసలుతో పోల్చి చూడటం ఆమె పని. వార్డువాళ్ళు ఇష్టమొచ్చినట్టు ఎంటర్ కొట్టి ఖాళీ లైన్లు వదిలేస్తారు, పోల్చినప్పుడల్లా తేడా ఉందంటూ తెరంతా ఎరుపే. విసుగెత్తి, ఖాళీ లైన్లు పట్టించుకోవద్దని ఎప్పుడో టిక్కు పెట్టేసింది. ఫైల్లో మంచానికీ మంచానికీ మధ్య గోడ ఆ ఖాళీ లైనేననీ, ఎక్కించేటప్పుడు అది పోతే కంప్యూటర్ ఇద్దరినీ ఒకరిగా చదువుతుందనీ తట్టలేదు మహాతల్లికి.

ఆ మధ్యాహ్నం ‘తేడా లేదు’ అని వచ్చింది. మంచానికో చీటీ అచ్చవ్వాలని వంటగదికి పంపేసింది. కాసేపటికి వంటాయన తలుపు దగ్గరకొచ్చాడు.

“అక్కా, పిల్లల వార్డులో కిటికీ పక్క మంచానికి చీటీ రాలేదు. పాపం ఆకలితో ఉంటుందని అందరికీ పెట్టేదే పంపించేశా.”

“ఏం కూర?”

“పల్లీలు నూరి వేశా.”

ఆ పిల్లకు పల్లీ పడదు, కాస్త తగిలినా గొంతు మూసుకుపోతుంది. వార్డుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరే! పడుతూ లేస్తూ మెట్లెక్కింది.

తల్లి అప్పుడే ముద్ద కలిపి పిల్ల నోటి దాకా తెచ్చింది. భూతద్దం ఆ చెయ్యి పట్టి లాగేసింది.

“ఎవరమ్మా నువ్వు? పిల్ల తినే ముద్ద లాక్కుంటావా?”

“పల్లీలు... అందులో పల్లీలున్నాయమ్మా!”

తల్లి ముఖం పాలిపోయింది. పిల్ల ఇంకా తినలేదు, బతికిపోయింది.

గదికొచ్చి ఆ టిక్కు తీసేసింది. తెర ఎర్రబడింది. ఒక్కో లైనే చూస్తూ పోతే, పెద్దల వార్డులోనూ ఒక ఖాళీ లైను మాయం. దాని కింద ఒక ముసలాయన వివరం: ఈరోజు ఆపరేషన్, ఏమీ పెట్టకూడదు. ఆ వార్డుకు వడ్డించేది వేరే మనిషి, చీటీ ఏదని అడగనేలేదు. గబుక్కున ఫోన్ అందుకుంది.

“ఆయన్ని మత్తివ్వడానికి తీసుకెళ్ళారక్కా,” అంది కొత్త నర్సు. “కడుపునిండా తిన్నానని నవ్వుకుంటూ వెళ్ళాడు.”

“ఆపమను! మత్తిస్తే తిన్నదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పరుగెత్తు తల్లీ!”

అడుగుల చప్పుడు దూరమైంది. ఆమె ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది.

“ఆపించానక్కా,” అంది నర్సు, రొప్పుతూ. “సూది చేతిలోకి తీసుకున్నారు అప్పటికే.”

ఏడుపు తన్నుకొచ్చింది. కానీ తెర మీద ఎరుపు ఇంకా సగం మిగిలే ఉంది. వేలితో కిందికి జరిపింది.