చెయ్యెత్తితే ఆగాల్సిందే

మా బాబాయికి ఒకటే జబ్బు: దేన్నైనా సరే చెయ్యెత్తి ఆపేయడం. టీ తెస్తున్న మనిషిని ఆపేవాడు, మూసుకోబోతున్న లిఫ్టును ఆపేవాడు, చివరికి నా కోపాన్ని కూడా అరచెయ్యి చూపించి సగంలో నిలబెట్టేవాడు. సొంత బాబాయి కాదు లెండి. నేను తీసిన మొదటి సినిమాకు సలహాదారు. యూనిట్టంతా ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం.

ఆ సినిమా, ఉద్యోగం మీద నమ్మకం పోయిన ఒక నగర పోలీసు కథ. మాకున్నది ఒక కెమెరా, ఒక ఖాళీ గోడౌను, ఒక శవం. పట్టపగలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టి చీకటి పుట్టించుకున్నాం. "పోలీసు శాఖలో ముప్పై రెండేళ్ల సర్వీసు నాది" అంటే, ఎన్ని హత్యలు చూశాడో అని ఎగిరి గంతేసి ఆయన్ని పెట్టుకున్నాను. తీరా చూస్తే ఆ ముప్పై రెండేళ్లూ ఒకే కూడలిలో నిలబడి ట్రాఫిక్కు ఆపాడట!

"ముందే చెప్పొచ్చు కదా బాబాయ్?"

"మీరు అడగలేదు కదా నాయనా!"

మొదటిరోజు హీరో గోడకు ఆనుకుని నిట్టూర్చాలి. కాళ్ళ దగ్గర శవం. కెమెరా నడుస్తోంది. లేచింది చెయ్యి.

"ఆగండి! మనసు విరిగిన పోలీసు గోడకు ఆనుకోడు."

"ఏం?"

"సున్నం అంటుకుంటుంది. ఇంటికెళ్తే ఉతికిపెట్టేవాళ్ళుండరు. ముప్పై రెండేళ్ల సర్వీసులో నేనొక్కసారీ ఆనుకోలేదు."

మర్నాడు టోపీ దగ్గర ఆపాడు. ఆ మర్నాడు బూటు లేసు దగ్గర. నాకు తల బొప్పి కట్టింది. పోనీ మానిపిద్దామా అంటే, రోజూ అందరికంటే ముందొచ్చి గోడౌను మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉండేవాడు. షూటింగు లేని రోజు కూడా వచ్చి కూర్చున్నాడని వాచ్‌మన్ చెప్పాడు. భార్య పోయి నాలుగేళ్ళయిందట. ఇక నాకు నోరు రాలేదు.

శవం వేషం ఒక పాత నాటకాల నటుడిది. మాస్టారని పిలిచేవాళ్ళం. అయిదేళ్ళ తర్వాత దొరికిన వేషమని, పాపం, ఊపిరి కూడా పొదుపుగా పీల్చేవాడు.

ఆఖరిరోజు వచ్చింది. సాయంత్రానికి గోడౌను ఖాళీ చెయ్యాలి. హీరో తన బ్యాడ్జి విప్పి శవం పక్కన పెట్టి వెళ్ళిపోయే షాటు మిగిలిపోయింది. అది లేకపోతే నా సినిమాయే లేదు. నాలుగుసార్లు మొదలుపెట్టాం. నాలుగుసార్లూ చెయ్యి లేచింది.

"మీకో దండం బాబాయ్! బయటికి నడవండి!" అని అరిచాను.

ఆయన మాస్టారి వంక ఒకసారి దిగులుగా చూసి వెళ్ళిపోయాడు.

అయిదోసారి మొదలైంది. హీరో బ్యాడ్జి మీద చెయ్యి వేశాడు. శవం దగ్గింది!

ఒక దగ్గా రెండు దగ్గులా? మాస్టారు లేచి కూర్చుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ చేతులు జోడించాడు. "ఈ సిమెంటు నేల చలవ నాకు పడట్లేదు బాబూ. దగ్గు తన్నుకొస్తోందని కనిపెట్టి ఇన్నాళ్ళూ ఆయనే ముందుగా ఆపేవారు. నన్ను మాత్రం తీసెయ్యకండి."

నా చెంప ఛెళ్ళుమన్నట్టయింది. గుర్తుచేసుకుంటే, ఆ చెయ్యి అడ్డుపడినవన్నీ శవమున్న షాట్లే. బయటికి పరుగెత్తాను. మెట్ల మీదే ఉన్నాడు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా బాబాయ్?"

"చెబితే ఆయన్ని పంపించేసేవారు. నన్ను తిడితే ఏం పోయింది నాయనా? తిట్టడానికైనా మనుషులున్నారనే కదా తెల్లారగానే వచ్చేస్తున్నా. ఇంట్లో నేను చెయ్యెత్తితే ఫ్యాను కూడా ఆగదు."

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. అప్పటికప్పుడు కథ మార్చేశాను. చచ్చిపోయాడనుకున్నవాడు దగ్గుతాడు, బ్యాడ్జి విప్పబోతున్న పోలీసు ఆగిపోతాడు. ఇక మాస్టారు తనివితీరా దగ్గుకోవచ్చు.

"కెమెరా!" అన్నాను.

లేచింది చెయ్యి.

"మళ్ళీ ఏం వచ్చింది బాబాయ్?"

"బతికున్న మనిషిని కటిక నేల మీద పడుకోబెడతారా ఎవరైనా? ముప్పై రెండేళ్ల సర్వీసులో చూళ్ళేదు. ముందు దుప్పటి తెప్పించండి!"