అయిదు దగ్గర ఆగిపోయిన మీటర్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవి. రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే మీటర్లు తయారుచేసే చిన్న కంపెనీలో నేను డ్రైవర్ కోడ్ రాసేవాణ్ణి. నీళ్ళలో ఉన్న సెన్సర్‌ని అడిగి అంకె తెచ్చి మీటర్‌కిచ్చే ప్రోగ్రామే డ్రైవర్. విడవలూరు దగ్గర ఒక గుంటలో రొయ్యలు మొత్తం చచ్చిపోయాయని కబురొస్తే నన్ను పంపించారు.

గట్టు మీద ముక్కు పగిలే కంపు. చచ్చిన రొయ్యల్ని వలతో లాగి కుప్ప పోస్తున్నారు. నన్ను చూడగానే గుంట యజమాని తన భార్యవైపు చెయ్యి చూపించాడు.

"మీటర్ చూసేది ఈమె సార్. కునుకు తీసింది. మా కొంప ముంచింది."

"నేను కన్ను మూయలా సార్," అంది రమణమ్మ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "తెల్లారేదాకా అయిదు చూపిస్తానే ఉండింది. అయిదుంటే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు వెయ్యాల్సిన పన్లేదని మీవాళ్ళే గదా చెప్పినారు?"

"అంతా నాటకం!" అన్నాడాయన.

సెన్సర్ వైరు పైకి లాగితే ఉప్పునీటికి తుప్పుపట్టి తెగిపోయి ఉంది. తెర మీద మాత్రం ఇంకా అయిదే! ల్యాప్‌టాప్‌లో ఆ మీటర్‌కి ఎక్కించిన కోడ్ తెరిచాను. ఏ ఫంక్షన్‌నైనా పిలిస్తే, పని అయిందో లేదో ఒక జవాబిస్తుంది. దాన్ని రిటర్న్ వాల్యూ అంటాం. సెన్సర్ అందలేదని జవాబొస్తే తెర మీద ఎర్రర్ పడి అలారం మోగేలా నేను రాశాను. ఆ తనిఖీని పీకేసి, పాత అంకెనే చూపించమని మార్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మేనేజర్‌కి ఫోన్ చేశాను.

"నేనే తీయించా. ఎర్రర్ అని పడితే చాలు, రోజంతా ఫోన్లే కదయ్యా!" అన్నాడు తాపీగా. "కరెంటు హెచ్చుతగ్గులని చెప్పి వచ్చెయ్."

ఛీ, ఏం మనిషి! ఫోన్ పెట్టేసి, యజమానికి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఈమె తప్పేం లేదు. మా మీటరే అబద్ధం చెప్పింది."

ఆయన తలొంచుకున్నాడు. "అట్నా సార్..." అని నసిగాడు.

రమణమ్మ ఆయనవైపు చూడలేదు.

"ఇదే మాట నేను పొద్దున్నించీ మొత్తుకుంటానే ఉండా సార్. మీరు చెప్తే నమ్మినాడు," అని గట్టు దిగి వెళ్ళిపోయింది.

ఆ నెలలోనే ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ఎవరి కోడ్ చూసినా ముందు వెతికేది ఒక్కటే. ఫంక్షన్ 'కాలేదు' అంటే ఆ మాట పట్టించుకున్నారా లేదా అని. చాలాచోట్ల పట్టించుకోరు. ఆ కంపెనీ మీటర్లు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి. తమ మీటర్లో ఎర్రర్ అనేదే రాదని గొప్పగా చెప్పుకుంటున్నారట.