పిరమిడ్ చుట్టూ పదకొండు

ఆ రోజుల్లో మాకు ఊళ్ళు చూడాలన్న ఆశ కన్నా, చూసినట్టు నలుగురికీ తెలియాలన్న ఆశే ఎక్కువగా ఉండేది. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం. ఎక్కడికి వెళ్ళినా ముందు నిలబడి ఫోటో దిగడం, వెనక ఏముందో తిరిగి చూడకుండా కారెక్కడం. మాలో ఒక్క గైడన్నే వేరు. కరీంనగర్ వైపు మనిషి, మాకు సీనియర్. ఎమ్మెస్‌కి కొత్తగా ఎవరు దిగినా షికాగో డౌన్‌టౌన్‌కి తీసుకెళ్ళి, ఏ బిల్డింగ్ ఎవరు కట్టారో మెడలు నొప్పిపుట్టేదాకా చూపించేవాడు కాబట్టి ఆ పేరు పెట్టాం. నాకు డ్రైవింగ్ నేర్పిందీ, మాడకుండా పప్పు వండటం నేర్పిందీ ఆయనే (రెండోదానికి ఎక్కువ రోజులు పట్టింది).

ఆ గైడన్నకి కైరో పిచ్చి. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చూసిన బొమ్మ ఒకటి మనసులో పడిపోయిందట. పరుపు పక్కన గోడకి కైరో మ్యాపు అంటించుకున్నాడు. ఆ ఊరి సందులు నాకు ఒంగోలు సందులకన్నా బాగా తెలిశాయంటే అది ఆయన చలవే. అయితే ఆయన అమెరికా దాటి కాలు బయటపెట్టే పరిస్థితి లేదు. వీసా ముద్ర ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది, లోపల ఉన్నంతకాలం ఫరవాలేదు గాని బయటికి వెళితే మళ్ళీ స్టాంపింగ్ ఇస్తారో లేదో తెలియదు. ఉద్యోగ వీసాకి వేసే హెచ్-వన్ లాటరీలో రెండుసార్లు పేరు రాలేదు. ఆ వచ్చే వసంతంలోదే ఆఖరి ఛాన్స్, అదీ పోతే ఇంటికే.

సరిగ్గా ఆ చలికాలంలోనే మా అక్క పెళ్ళికి ఇండియా వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో కైరోలో పొద్దున్నించి సాయంత్రం దాకా పదకొండు గంటలు ఆగాలి. అమెరికా వీసా ఉంది కాబట్టి ఎయిర్‌పోర్ట్‌లోనే వీసా ఇచ్చి ఊళ్ళోకి వదులుతారని తెలియగానే గైడన్న నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. నేను బయల్దేరే రోజున ఒక కాగితం మీద నాలుగు చోట్ల పేర్లు రాసి చేతిలో పెట్టాడు. పాత కోట గుమ్మం, ఇబ్న్ తులూన్ మసీదు ముంగిలి, నైలు ఒడ్డు, ఆఖర్న పిరమిడ్.

"ఫోటోలు దియ్యకు రా. ఒక్కో తాన పది నిమిషాలు ఊకె నిలబడు, మంచిగ జూడు. వచ్చినంక నాకు చెప్పు. నువ్వు చెప్తే నేను జూసినట్టే."

"అలాగే అన్నా, డన్" అన్నాను.

నేను ఆయనకి చెప్పకుండా ఇంకో మాట నాకు నేనే ఇచ్చుకున్నాను. హైదరాబాద్ పక్కన వీసాల దేవుడి గుడి ఉంది కదా, అక్కడ గైడన్న పేరు మీద పదకొండు ప్రదక్షిణాలు చేసి రావాలని. (మొక్కు బయటికి చెబితే ఫలించదని మా అమ్మమ్మ నమ్మకం. ఇంజనీరింగ్ చదివినా నాకూ అదే నమ్మకం.) తీరా ఇండియా వెళ్ళాక పెళ్ళి హడావుడి, చుట్టాలు, పచ్చళ్ళ ప్యాకింగ్. గుడి సంగతి విమానంలో బెల్ట్ పెట్టుకున్నాక గుర్తొచ్చింది. కైరో దాకా నిద్ర పడితే ఒట్టు. నా మతిమరుపు వల్ల ఆయన లాటరీ పోతుందని గట్టిగా అనిపించింది.

ఆ భయంలోనే గైడన్న రాసిన వరసని తిరగేసి, టాక్సీని నేరుగా పిరమిడ్ దగ్గరికి పోనిమ్మన్నాను. దిగి చూస్తే పెద్ద పిరమిడ్ నాలుగు దిక్కులకీ కొలిచి పెట్టినట్టు ఉంది. అంత వాస్తు ఉన్న కట్టడం నేను మళ్ళీ చూడలేదు. చూస్తుండగానే నా కాళ్ళు వాటంతట అవే దాన్ని కుడివైపు పెట్టుకుని నడవడం మొదలుపెట్టాయి. దేవుడు అంతటా ఉంటాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఒక చుట్టు దాదాపు కిలోమీటరని మొదటి చుట్టు పూర్తయ్యాక గాని తెలియలేదు. అప్పటికే మొక్కు మొదలైపోయింది, ఇంక ఆపకూడదు. గైడన్న కాగితం వెనక పెన్నుతో ఒక గీత గీశాను.

రెండో చుట్టులో ఒక ఒంటెవాడు తగులుకున్నాడు. "మై ఫ్రెండ్, కేమెల్?" అంటూ పక్కనే నడిచాడు. నాలుగో చుట్టుకి అడగడం మానేశాడు. ఆరో చుట్టుకి వాడి మొహంలో జాలి కనిపించింది, ఏడో చుట్టుకి నీళ్ళ సీసా అందించాడు. ఎనిమిదో చుట్టులో గార్డు ఆపి "లాస్ట్?" అని, దారి తప్పావా అన్నట్టు అడిగాడు. "నో సార్, ప్రేయర్, ఫర్ ఫ్రెండ్" అన్నాను. ఆయన ఒకసారి పిరమిడ్ వంక, ఒకసారి నా వంక చూసి, తల ఊపి దారి ఇచ్చాడు. పదకొండో గీత గీసేసరికి మడమలు పుండ్లయ్యాయి. మొక్కు ముగిశాక ప్రసాదం పంచాలి కదా, బ్యాగులో గైడన్న కోసం తెచ్చిన సున్నుండలు తీసి గార్డుకీ, ఒంటెవాడికీ చెరో రెండు పెట్టాను. ఒంటెవాడు తిని, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అక్కణ్ణించి టాక్సీ ఎక్కి, ట్రాఫిక్‌లో నిద్రపోయి, ఎయిర్‌పోర్ట్‌లో లేచాను. గుమ్మం లేదు, ముంగిలి లేదు, నైలు ఎప్పుడు దాటానో కూడా తెలియదు.

షామ్‌బర్గ్‌లో గైడన్న టీ పెట్టి, మ్యాపు ముందు కూర్చుని, "చెప్పు రా" అన్నాడు. మొక్కు సంగతి చెప్పకూడదు, చూసిందేమో ఏమీ లేదు. ఫోన్‌లో చదివినదంతా అల్లుకుంటూ వెళ్ళాను. ఊపులో ఉండి, కోట గుమ్మం దగ్గర ఒక చెవి తెగిన పిల్లి పడుకుని ఉందని కూడా చెప్పేశాను.

"పిల్లి ఏం రంగు?"

"పసుపు... పసుపే అన్నా."

"మంచిగున్నది" అన్నాడు కళ్ళు మూసుకుని. కాసేపాగి ఆ కాగితం తిరిగి ఇమ్మన్నాడు. రెండు వైపులా తిప్పి చూసి, పాస్‌పోర్ట్ ఫోల్డర్‌లో పెట్టుకున్నాడు.

వసంతంలో లాటరీ రాలేదు. గైడన్న మ్యాపు జాగ్రత్తగా ఊడదీసి చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్ట్‌లో నేను ఏడుస్తుంటే, కారు నిదానంగా నడపమని చెప్పాడు. హైదరాబాద్‌లో ఆయనకి ఉద్యోగం, పెళ్ళి, ఒక పాప. ఫలించని మొక్కు చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చే ఏడు కైరోల కలుద్దాం రా" అనేవాడు. నేనూ "బుక్ చేద్దాం అన్నా" అనేవాణ్ణి. పోయిన చలికాలంలో, ఆఫీసులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. నలభై కూడా నిండలేదు.

నెలన్నర తర్వాత ఒక శనివారం పొద్దున వదిన ఫోన్ చేసింది. ఆయన కాగితాలు సర్దుతోందట.

"తమ్మీ, కైరో కాయితం దొరికింది. దీని ఎన్కాల పదకొండు గీతలున్నయ్. నేను ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పలే. 'వాడు ఆడ ఏం జూడలే, ఏదో తిక్క పని జేసిండు. ఎప్పుడో ఒకనాడు వాడే చెప్తడు, అప్పుడు నవ్వుదాం' అనేటోడు. ఏంటియి తమ్మీ?"

ఆయన అన్నేళ్ళు ఎదురుచూశాడు. మొదటినుంచీ మొదలుపెట్టి ఒంటెవాణ్ణీ, గార్డునీ, సున్నుండలనీ, మడమలనీ ఒక్కటి కూడా వదలకుండా చెప్పాను.

"అది సమాధి గద తమ్మీ? సమాధి చుట్టూ దిరిగి వీసా అడిగినవా?" అని వదిన పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. "ఇది ఆయనకు చెప్పాల్సుండె తమ్మీ. వారం రోజులు నవ్వేటోడు."

నిజమే. చూసింది చెప్పమన్నాడు గాని, గొప్పవే చూడమనలేదు. నేను చూసిందల్లా ఒక ఒంటెవాడి జాలి, నా చెప్పుల దుమ్మూను. ఆయనకి కావలసిన కైరో అదే. దాన్ని దాచుకుని, లేని పిల్లిని ఇచ్చాను. ఇప్పటికీ ఎండలో చేతులు జోడించుకుని, ఎవరి సమాధో తెలియకుండా చుట్టూ తిరిగిన ఆ ఇరవైనాలుగేళ్ళ వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కలిసి నవ్వాల్సిన మనిషే లేడు.