కిటికీ రెక్కకు కొట్టిన బద్ద

పోయిన వారం మా మేనల్లుడు ట్రాలీ ఆటోలో ఒక జత కిటికీ రెక్కలు వేసుకొచ్చి, మా వరండా గోడకు ఆనించి, మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు. పర్చూరు దాటాక ఉన్న వాళ్ళ ఊళ్ళో పాత ఇల్లు బాగు చేయిస్తున్నారట, చెక్క కిటికీలన్నీ ఊడబెరికి అల్యూమినియం జారుడు కిటికీలు బిగించారట; పాత చెక్కంతా పొయ్యిలోకి పోయింది గానీ ఈ రెండు రెక్కల్ని మాత్రం వాళ్ళ నాన్న, అంటే మా బావ, పొయ్యిలో పెట్టనివ్వలేదట. అది మా బావమరిది చేతి పని, తీసుకెళ్ళి వాడికే ఇచ్చి రా అన్నాడట. మంచం దిగలేని స్థితిలో కూడా ఆయనకు నా చేతి పని గుర్తుంది. నేను మాత్రం వాటిని చూశాక చేతిలో ఉన్న టీ పక్కన పెట్టేశాను.

చెక్క కిటికీ వానకు ఉబ్బుతుందనీ ఎండకు ముడుచుకుంటుందనీ మన ఈడు వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మాది వేటపాలెం, నాన్న వడ్రంగి, సముద్రం గాలి తగిలే ఊరు కావడం వల్ల ఏడాదిలో సగం రోజులు మాకు కిటికీల పనే ఉండేది. నాన్న ఎవరింటికి వెళ్ళినా ముందుగా సంచి విప్పేవాడు కాదు, రెక్కను నాలుగైదు సార్లు మెల్లగా తెరిచి మూసి ఆ చప్పుడు వినేవాడు. పై మడతబందు మరలు వదులైతే రెక్క వాలిపోయి కింది మూల గీసుకుంటుంది, ఆ సంగతి తెలియనివాడు కింద చెక్కేసి ఇంటివాళ్ళకు ఇంకో తంటా తెచ్చిపెట్టి పోతాడు. నాన్న మాత్రం పైన మర ఊడదీసి, ఆ బెజ్జంలో వేపపుల్ల చీలిక దిగ్గొట్టి, అదే మర మళ్ళీ బిగించేవాడు, రెక్క లేచి తన చోట కూర్చునేది. ఎక్కడ పట్టేస్తోందో అంతు చిక్కకపోతే చట్రం అంచున సుద్దముక్క రుద్ది రెక్క మూసి తెరిచేవాడు, తెల్లగా అంటుకున్న చోటే రోగం ఉన్నట్టు లెక్క.

ఇవన్నీ ఓపిగ్గా నేర్పిన మనిషి, ఒక్క విషయంలో మాత్రం ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు. వానాకాలంలో కిటికీకి చిత్రిక పట్టకూడదు. తడికి ఉబ్బిన చెక్కను గీకేస్తే ఆ పూటకు హాయిగానే తిరుగుతుంది, ఎండలు ముదిరాక ముడుచుకుపోయి చట్రానికీ రెక్కకూ మధ్య సందు వదిలేస్తుంది. అందుకని ముసురు రోజుల్లో ఎవరు పిలిచినా కొవ్వొత్తి ముక్క అంచుకు రుద్ది, ఎండలొచ్చాక వచ్చి చూస్తానండీ అని చెప్పి వచ్చేసేవాడు. పని రాక తప్పించుకుంటున్నాడని వెనకాల నవ్వేవాళ్ళూ ఉండేవాళ్ళు. పైకి అనకపోయినా నాకూ లోపల అలాగే ఉండేది, అప్పటికి ఇరవై దాటి రెండేళ్ళు కాలేదు, చెయ్యి తిరిగిందని పొగరు.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. చిన్నప్పటి నుంచీ ఆయాసం మనిషి, చలిగాలికైనా దుమ్ముకైనా ఇట్టే ఎగశ్వాస వచ్చేది. అలాంటి పిల్లను మిరప పండించే ఇంటికి ఇచ్చారు. సంబంధం చూడబోయిన పెద్దలు పొలం ఎన్నెకరాలని అడిగారు, బావ గుణం అడిగారు, ఇంటికీ కళ్ళానికీ దూరమెంత అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆ దూరం ఎంతో చెబుతాను వినండి, అక్క పడుకునే గది కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంతలో మిరపకాయలు ఆరబోసేవాళ్ళు. మంచి కుటుంబమే, బావ కూడా మంచివాడే, అక్కను పువ్వుల్లో పెట్టుకుని చూశాడని ఈ రోజుకీ చెప్పగలను. కాకపోతే ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ. గాలి ఆడాలంటే తెరవాలి, కళ్ళంలో కాయలు తిరగబోసేటప్పుడు గట్టిగా మూసుకోవాలి. అక్క ప్రాణం ఆ రెండు రెక్కల మీదే నడిచేది.

ఆ ఏడు తుపాను ముసురు పది రోజులు వదల్లేదు. కిటికీ ఉబ్బి బిగుసుకుపోయింది. నాన్న వెళ్ళి చూసి, మామూలుగానే కొవ్వొత్తి రుద్ది, ఎండలొచ్చాక వస్తానని చెప్పి వచ్చాడు. మరుసటి వారం అమ్మ ఇచ్చిన ఎండుచేపలు పట్టుకుని నేను వెళ్ళాను. బావ నన్ను చూడగానే ఎగతాళి మొదలుపెట్టాడు.

"ఏం బావమరిదీ, మీ నాన్నకి కొవ్వొత్తి రుద్దడం తప్ప ఇంకే పనీ రాదేంటయ్యా?"

అక్క ఊరుకోలేదు. "నాన్న ఎండల్లో వస్తానన్నాడుగా, తొందరేమొచ్చింది మీకు?" అంది గానీ, అంటూనే రెక్కను రెండు చేతులతో నెట్టబోయి, సగంలో ఆగి, గోడ పట్టుకుని రొప్పింది. బావ మాట ఒక పక్క పొడిచింది, అక్క రొప్పు ఇంకో పక్క. ఊళ్ళో ఎవరిదో చిత్రిక అరువు తెచ్చి రెక్కలు ఊడదీశాను. తడి చెక్క కావడంతో పొట్టు పట్టీలు పట్టీలుగా లేచింది, ఆ పొట్టు చుట్టలు చూసి నా పనితనానికి నేనే మురిసిపోయాను. మళ్ళీ బిగించాక రెక్క ఒక్క వేలితో కదిలింది. అక్క చిన్నపిల్లలా దాన్ని అటూ ఇటూ ఊపి చూసుకుంది, బావ ఆ పూట కోడిని కోయించాడు. నాన్నతో ఈ సంగతి చెప్పొద్దని మాత్రం అక్క దగ్గర మాట తీసుకున్నాను.

మార్చి నెలలో మళ్ళీ వెళ్ళినప్పుడు గదిలోకి అడుగు పెట్టగానే నా కళ్ళు కిటికీ మీదికే పోయాయి. రెక్క పొడవునా సందు, ఆ సందులో అక్క కత్తి మొనతో కూరిన దూది. బయటి పక్క దూది మిరప దుమ్ముకు ఎర్రబారి ఉంది. "గాలికి కాస్త కదులుతోందిరా, దూది పెట్టాన్లే" అంది, అదేదో తన తప్పయినట్టు, నన్ను నొప్పించకూడదన్నట్టు. ఆ సందు మూయడానికి ఒక సన్నటి బద్ద, ఆరు మేకులు, అరగంట పని. అది నాకు తెలుసు. కానీ బయట కళ్ళంలో బావ కూలీలకు నా పనితనం గురించి గొప్పగా చెబుతున్నాడు, ఇప్పుడు బద్ద కొడితే తప్పు చేశానని అందరి ముందూ ఒప్పుకున్నట్టే, నాన్న చెవిన కూడా పడుతుంది. వచ్చే వారం తీరిగ్గా వస్తాలే అక్కా అన్నాను. సరేలేరా అంది. నాకు మంచినీళ్ళ చెంబు అందిస్తూ పక్కకు తిరిగి దగ్గింది.

ఆ వచ్చే వారం నేను వెళ్ళలేదు. ఆ పై వారంలో ఒక మధ్యాహ్నం, కళ్ళంలో కాయల్ని గోతాల్లోకి తొక్కుతుండగా, అక్కకు ఊపిరాడలేదు. బండి కట్టి చీరాల తీసుకొస్తుంటే దారిలోనే పోయింది. ఆ సందు లేకపోయినా దక్కేది కాదేమో, మిరప ఘాటుకు సందే అక్కర్లేదని మీరు అనొచ్చు, ఇన్నేళ్ళుగా నేనూ నాకు అదే చెప్పుకుంటున్నాను. చెప్పుకున్నంత సులువుగా నమ్మలేకపోయాను.

మూడోనాడు మా సాయిబుల ఆచారం ప్రకారం సమాధి దగ్గర జియారత్ ప్రార్థన అయ్యాక, చుట్టాలంతా ముందరింట్లో ఉండగా నాన్న ఒక్కడే ఆ గదిలోకి వెళ్ళాడు, వెనకే నేను. రెక్క తెరిచాడు, మూశాడు, అంచు మీద వేలు పెట్టి పైనుంచి కిందదాకా తడిమాడు. దూది మొత్తం మెల్లగా లాగి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పెరట్లో దొరికిన ఏదో చెక్కను చీల్చి సన్నటి బద్ద చేసి రెక్క అంచుకు కొట్టాడు. కూతురు పోయిన బాధలో ముసలాయన ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియడం లేదని అందరూ జాలిపడ్డారు. తిరిగొచ్చేటప్పుడు బస్సు కోసం నిలబడి ఉండగా, నా వంక చూడకుండా ఒక్క మాట అడిగాడు.

"వానల్లో చిత్రిక పట్టావేంట్రా?"

నేను తల దించుకున్నాను. ఆ తర్వాత ఆయన బతికిన పన్నెండేళ్ళలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, బావకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. కిటికీ పని మాత్రం నా చేతికి మళ్ళీ ఇవ్వలేదు. తిట్టి కొట్టి ఉంటే ఎంత బాగుండేదో. చివరికి జీడిపప్పు ఫ్యాక్టరీలకు బల్లలూ పెట్టెలూ కొట్టుకుంటూ నా బతుకు వెళ్ళిపోయింది. బావ మాత్రం ఏ పెళ్ళిలో కలిసినా నన్ను పదిమందికీ చూపించి, మా ఆవిడ కోసం వీడు చేసిన కిటికీ ఒక్క వేలితో కదిలేదయ్యా అని చెప్పేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వు ఎలా నవ్వానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

మేనల్లుడు ఆ రోజు కొత్త కిటికీల సంగతి చాలాసేపు చెప్పాడు. ఉబ్బవట, చెదపట్టవట, కానీ వాన పడితే నీళ్ళు గదిలోకి వస్తున్నాయట, బిగించినవాణ్ణి పిలిస్తే మొత్తం మార్చాలన్నాడట. కింది పట్టాలో నీళ్ళు బయటికి పోయే బెజ్జాలుంటాయి, వాటిని గమ్ముతో పూడ్చేసి ఉంటారు, పుల్లతో పొడిచి చూడరా అన్నాను. వాడు ఫోన్లో ఉన్న ఆ కిటికీ ఫొటో పెద్దది చేసి చూసి, నిజమే మామయ్యా అని నోరు తెరిచాడు. ఎంత తెలుసో నీకు అని మెచ్చుకున్నాడు.

వెళ్ళబోతూ పాత రెక్క అంచును వేలితో తడిమి ఆగాడు. "మామయ్యా, ఈ బద్దేంటి, వేరే చెక్కలా ఉందే?"

తల్లి పోయేనాటికి వాడికి రెండేళ్ళు. ఆమె మొహం కూడా వాడికి గుర్తులేదు, ఉన్న ఒక్క ఫొటోలో సగం చెరిగిపోయింది. యాభై ఏళ్ళుగా గొంతులో ఉన్న మాట నోటిదాకా వచ్చింది.

"వానకి చెక్క ఉబ్బిందిలేరా, అందుకని మీ తాత కొట్టాడు" అన్నాను.

ఉబ్బిన చెక్కకు ఎవడైనా బద్ద కొడతాడా? మన రోజుల్లో అయితే పక్కింటి ముసలమ్మ కూడా ఆ మాటకు నా మొహంలోకి అనుమానంగా చూసేది. వాడు అవునా అని తల ఊపి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. చెక్క గుణం తెలిసిన మనుషులు కరువైపోయారని, పనితనం మంట కలిసిపోయిందని పది చోట్ల పదిసార్లు వాపోయినవాణ్ణి నేను. ఆ రోజు మాత్రం అలాంటి మనిషి ఒక్కడు కూడా నా వరండాలో లేనందుకు ఊపిరి పీల్చుకున్నాను.