యోనా పక్కన చేప

పోయిన ఆదివారం అబిడ్స్‌లో మూసి ఉన్న షాపుల ముందు పరిచిన పాత పుస్తకాలు చూస్తూ నడుస్తుంటే, పెద్ద బొమ్మల పుస్తకం ఒకటి కనిపించింది. రోములో పోపుగారి మ్యూజియంలోని చిత్రాలు. "తీస్కోండి మేడం, పేజీలన్నీ సాఫ్‌గున్నయి," అన్నాడు అమ్మే ఆయన. నిలబడే నాలుగు పేజీలు తిప్పి పెట్టేశాను. ఇంటికి తీసుకెళ్తే పక్కన కూర్చుని చూసేవాళ్లు లేరు.

ఆ మ్యూజియం నేను చూశాను. చూడాల్సింది మా అక్క. నాంపల్లిలో ఒక కిరాయి ఇంట్లో, పెళ్లి ఊసు లేకుండా కలిసి ముసలివాళ్లమైన అక్కచెల్లెళ్లం మేము. నాది గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం. అక్క బడిలో టీచరు, ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పేది. మా చర్చి గోడలకు సున్నం తప్ప బొమ్మ అన్నది ఉండదు. అందుకేనేమో, అక్క తనే చార్టుల మీద బొమ్మలు వేసుకునేది. యోనా ప్రవక్తను మింగి మూడు రోజులు కడుపులో ఉంచుకున్న చేపకు నాలుగు చార్టులు అతికించినా చాలక, తోక కిటికీ మీదికి పోయేది. పెద్ద పెద్ద చిత్రకారులు వేసిన బొమ్మలు రోముకు పోయి చూడాలని ఆమెకు ఒకటే ఆశ. నేను రిటైరయ్యాక పోదామనుకున్నాం. అప్పటికి నీటికాసులు వచ్చి ఆమె చూపు పోయింది. నేనూ మానుకుంటానంటే ఊరుకోలేదు. "ఇద్దరం గుడ్డోళ్లమైతే ఎట్లనే? నువ్వు పోయి చూసి రా. వచ్చి నాకు చెప్పు," అంది.

టూరులో అందరూ జంటలే. బస్సులో నా పక్క సీట్లో నా స్వెటరు కూర్చునేది. మ్యూజియంలో ప్రతి బొమ్మ ముందూ ఆగి, దీన్ని అక్కకు ఎట్లా చెప్పాలా అని మాటలు వెతుక్కునేసరికి మావాళ్లు ముందుకు వెళ్లిపోయారు. చివరికి ఆ పేరుపడ్డ ప్రార్థనామందిరంలోకి జనమే నన్ను తోసుకుపోయారు. తలెత్తి చూస్తే కప్పు నిండా మనుషులు. ఇంతమంది గురించి నేనేం చెప్పగలను? మెడ పట్టేసేదాకా వెతికితే, బలిపీఠానికి పైన, చాలా ఎత్తున, యోనా దొరికాడు. భారీ మనిషి, వెనక్కి వాలి కూర్చున్నాడు. పక్కన చేప, అతని కన్నా చిన్నది! నాకు నవ్వు ఆగలేదు. "అక్కా, చూడు," అంటూ పక్కకు తిరిగాను. ఎవరో తెల్లావిడ కొంచెం దూరం జరిగింది. కాపలా మనిషి మాట్లాడొద్దని గద్దించాడు. అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

మిగతా గదులు వదిలేసి బయటపడి, మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోను చేశాను.

"యోనాను చూసిన అక్కా. చేప గింతే ఉంది."

"గింతే అంటే?"

"మన మార్కెట్ల బొచ్చె చేప కన్నా జర పెద్దగుంటదేమో."

"మరి దాని కడుపుల మూడు దినాలు ఎట్ల పట్టిండే? నేను నాలుగు చార్టులు ఖరాబ్ చేస్తిని గదా!" అంటూ దగ్గు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక, ఎవరూ చూడకుండా మొహం కొంగులో దాచుకున్నాను.

తిరిగొచ్చాక ఆ ఒక్క రోజును నాతో ఎన్నిసార్లు చెప్పించుకుందో లెక్కలేదు. ఒక ముక్క వదిలేస్తే గుర్తుచేసేది తనే. అక్క పోయి రెండేళ్లవుతోంది. ఆ కప్పు మీది రంగులు ఇప్పుడు నాకు సరిగా గుర్తుకు రావు. చెప్పించుకునే మనిషి పోయాక, మనం కళ్లారా చూసినవాటిని కూడా కాలం ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటుందని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.