ఆళ్లగడ్డకు పన్నెండు మజ్జిగ సీసాలు

పిల్లల పానీయాలకు లేబుళ్లు గీయడం నా పని. ఆ పనిలో నన్ను మించినవాళ్లు నంద్యాలలో లేరని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది, మధ్యలో ఒక్క పూట తప్ప. మా అక్క ఈ వేసవికి చక్కెర లేని రాగి మజ్జిగను చిన్న సీసాల్లో అమ్మాలనుకుంది. రంగునీళ్లకు అలవాటుపడిన పిల్లలు దీనివైపు చెయ్యి చాపేలా చేయడం నా వంతు. నేను బయల్దేరిన రోజే సాయంత్రం ఆరింటికి ప్రెస్సులో లేబుళ్ల అచ్చు మొదలవుతుంది, ఆ తర్వాత ఈ వేసవికి మార్చే వీల్లేదు. బడి ముందు అంగట్లో ఒకసారి పెట్టి చూద్దామని పన్నెండు నమూనా సీసాలు ఐసు డబ్బాలో సర్దుకుని బయల్దేరాను.

నంద్యాల బస్టాండులో ఉగ్గాని తిని తొమ్మిదిన్నర బస్సెక్కితే, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు గంటకు కాస్త పైనే పట్టింది. టికెట్టు డెబ్బై లోపే. ఆటోకు ఇరవై ఇస్తే బడి దగ్గర దింపాడు. అంగడి శెట్టిగారు అక్కకు తెలిసినవారే. నా సీసాలను తన ఐసు పెట్టెలో రంగునీళ్ల సీసాల మధ్య నిలబెట్టారు. లేబుల్ మీద రాగి కంకి పట్టుకున్న ఉడుత, నా మూడు వారాల కష్టం. పన్నెండున్నరకు గంట కొట్టారు. పిల్లలు పెట్టె తలుపెత్తి, పైనుంచి తొంగిచూసి, రంగునీళ్ల ఎర్ర మూతలు పట్టుకుని లాగారు. నావి పన్నెండుకు పన్నెండూ మిగిలాయి. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"బొమ్మ బాగుండాది పాపా," అన్నారు శెట్టిగారు, "పెట్టెలో అదెవురికి కనపడతాది? నీ తెల్లమూతలే కదా కనపడతాండేది. రోడ్డవతల శిల్పాలు చెక్కేటోళ్లుండారు, పొయ్యి అడుగు. ఉలి పట్టకముందే ఆళ్లు ఒకటి అడుగుతారు."

పౌరుషానికే వెళ్లాను. రేకుల షెడ్డులో ఒక పెద్దాయన నరసింహస్వామిని చెక్కుతున్నారు. సీసా చూపిస్తే లేబుల్ వైపు చూడనే లేదు.

"దీన్ని యాడ పెడతారు?"

"అంగట్లో, ఐసు పెట్టెలో."

"బిడ్డలు యాడనుంచి చూస్తారు?"

"పైనుంచి."

"మరి పైన ఏం గీసినావు?"

సీసా వంచి తెల్లమూత చూశాను. ఆయన విగ్రహాన్ని తట్టి చూపించారు. "ఈ స్వామి గోపురమెక్కుతాడు. అందుకే మొగం పెద్దది చేస్తాండా. ఈడ చూస్తే బాగుండదు. ఆడికెక్కినాంక, కిందనుంచి చూస్తే కుదుర్తాది."

ఇన్నాళ్లూ నేను నేల విడిచి సాము చేశానన్నమాట. మార్కర్లు కొనుక్కుని అంగడికి తిరిగొచ్చాను. "మూతలకు ఎర్రరంగు పూసేయ్, రంగునీళ్లే అనుకోని తీసుకుంటారు," అన్నారు శెట్టిగారు. ఒప్పుకోలేదు. మోసపోయి తాగిన బిడ్డ రెండోసారి రాదు. పన్నెండు మూతల మీదా ఉడుత మొహమే గీశాను.

నాలుగుంపావుకు బడి వదిలారు. ఎనిమిదేళ్ల పాప ఒక ఉడుతను పైకి తీసి, "ఏందిది?" అంది.

"రాగి మజ్జిగ. తియ్యగుండదు," అన్నాను.

పాప సీసా తిప్పి లేబుల్ చూసింది, మూత తీసి సగం తాగింది, స్నేహితురాలికి అందించింది. కాసేపట్లో ఏడు సీసాలు పోయాయి. అక్కకు ఫోన్ చేసి అచ్చు ఆపమన్నాను, మూతలకు కూడా బొమ్మ కావాలన్నాను.

"లేబుల్‌కు అంత కష్టపడితివి కదే!"

"చేతిలోకొచ్చినాంక అది చూస్తార్లే అక్కా. ముందు చేతిలోకి రావల్ల."

మంచిది తయారుచేస్తే బిడ్డ దానంతటదే ఎంచుకుంటుందనుకునేదాన్ని. కంటికి కనిపించనిదాన్ని ఏ బిడ్డా ఎంచుకోలేదు, ఆ తప్పు బిడ్డది కాదు, నాది. మీరూ ఇలాంటి పని మీద ఆళ్లగడ్డ వస్తే మధ్యాహ్నం బడిగంట కొట్టకముందే చేరండి. గీయడానికి కూర్చునే ముందు మాత్రం ఎనిమిదేళ్ల బిడ్డంత ఎత్తుకు వంగి, ఆ పెట్టె తలుపు మీరే ఒకసారి ఎత్తి చూడండి.