ఫ్యాన్‌లోంచి లాగిన దారం

ఒక మనిషి కుర్చీలోంచి లేవకుండా, ఎవరితోనూ గొడవ పడకుండా, చేతిలో స్క్రూడ్రైవర్ తప్ప మరే ఆయుధమూ లేకుండా, ఒక్క మధ్యాహ్నంలో తన భార్య ఎన్నో రోజుల కష్టాన్ని మట్టిపాలు చేయగలడా అని మీకెప్పుడైనా అనుమానం వస్తే నరసాపురంలో మా ఇంటికి రండి. చేయగలడు. ఆ మనిషిని నేనే. కాఫీ ఇచ్చి మరీ చెబుతాను. కాకపోతే మా ఆవిడ ఇంట్లో లేని సమయం చూసుకుని రండి. ఉంటే తనే చెబుతుంది. నాకంటే బాగా చెబుతుంది. అది కూర్చుని వినే ధైర్యం నాకింకా రాలేదు.

మా ఆవిడ సత్యవతి లేసు అల్లుతుంది. మా ప్రాంతంలో ఆడవాళ్ల చేతిలో లేసు సూది ఉండటం వింతేం కాదు గాని, సత్యవతి అల్లడంతో ఆగదు. చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ల చేత అల్లించి, ఆ సరుకంతా కూడేసి పై ఊళ్ల దుకాణాలకి పంపుతుంది. అలా బెంగుళూరులో తెలుగావిడ ఒకామె తన దుకాణానికి కొత్త రకం గుడ్డ కావాలంది. గుండ్రటి బల్ల మీద పరిచేది, మధ్యలో తామరపువ్వు మొదలై చుట్టూ వరసలు వరసలుగా విచ్చుకుంటూ పోవాలి. మచ్చు నచ్చితే ఆ ఆడవాళ్లందరికీ వానాకాలమంతా చేతినిండా పని. అందుకే మచ్చు మాత్రం సత్యవతి ఎవరికీ ఇవ్వలేదు, తనే అల్లింది. చివరి వరస మిగిలింది. మర్నాడు వీడియోలో ఆవిడకి చూపించాలి.

ఆ వీడియోలన్నీ మా ఇంటి కంప్యూటర్‌లోనే. నేను హైస్కూల్లో లెక్కల మేష్టారిని. ఆన్‌లైన్ పాఠాల రోజుల్లో కొన్నాను. పాఠాలు మళ్లీ బడికి వెళ్లిపోయాక కంప్యూటర్ సత్యవతి పరమైంది. దాని ముందు కూర్చుని నోటితో బేరాలు, చేతులతో అల్లికలు. ఎండాకాలంలో సీపీయూ వేడెక్కుతోందని దాని పక్క రేకు ఊడదీసి అటకెక్కించిన ఘనుణ్ణి కూడా నేనేనని ముందే ఒప్పుకుంటున్నాను. తరువాత దాస్తే బాగుండదు.

రేకు పోయాక దుమ్ము, దారప్పోగులు అన్నీ లోపలికి చేరి, ఫ్యాన్ గొంతు మారింది. మొదట మూలిగింది. తరువాత గుర్రు పెట్టింది. క్రితం వీడియోలో బెంగుళూరావిడ, "రైస్ మిల్లులో కూర్చుని మాట్లాడుతున్నారాండీ?" అని అడిగేసింది.

"భీమవరం తీసుకెళ్లి చూపిద్దామండీ," అంది సత్యవతి.

"ఫ్యాన్‌కి భీమవరం దేనికి? నాలుగు స్క్రూలు! లెక్కల మేష్టారి ఇంట్లో నాలుగు స్క్రూలకి బయటి మనిషా?"

"మీకు దణ్ణం పెడతాను, దాన్ని ముట్టుకోకండి. రేపటి పని కానివ్వండి. ఆ తరువాత మీ ఇష్టం."

నిజంగానే దణ్ణం పెట్టింది. నేను కూడా తల ఊపాను. ఆవిడ అల్లుతున్న గుడ్డ సంచీలో పెట్టి, సంచీ కంప్యూటర్ బల్ల కింద సీపీయూ వెనకాల పెట్టి, సూది కొప్పులో దోపుకుని, సరుకు తీసుకురావడానికి పల్లెలకి బస్సెక్కింది.

ఆవిడ అలా వెళ్లిందో లేదో ఫ్యాన్ గుర్రు కాస్తా గర్జనైపోయింది. పక్కింటి నరసింహరాజు గారు గుమ్మంలోకొచ్చారు. రొయ్యల చెరువుల ఆసామి.

"ఏంటండి మేష్టారూ, ఇంట్లో చెరువు నీళ్లు చిలికే ఏరియేటర్ పెట్టారా ఏంటి? చెరువు దగ్గర మాది కూడా ఇంత మోత మొయ్యదండి."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పెట్టిన దణ్ణం, ఊపిన తల, రెండూ మరిచిపోయాను. "చూస్తూ ఉండండి రాజు గారూ, పావుగంటలో నోరు మూయిస్తాను," అని స్విచ్చి కట్టేసి, ఫోన్లో హిందీ ఆయనెవరో ఫ్యాన్ విప్పుతున్న వీడియో పెట్టుకుని, రంగంలోకి దిగాను. నాకు హిందీ రాదు. ఆయన చేతులు చూస్తే చాలనుకున్నాను.

ఫ్యాన్ రెక్కల వెనకాల ఇరుసుకి పిచ్చుకగూడంత దారప్పోగుల ముద్ద చుట్టుకుని ఉంది. కత్తెరతో కత్తిరించి తీసేశాను. రెక్కల్ని వేలితో తిప్పితే గిర్రున తిరిగాయి. ఇక్కడ ఆగి ఉంటే నేనీపాటికి మా వీధిలో పెద్దమనిషిని.

ముద్ద తీశాక రెండు దారపు కొసలు ఫ్యాన్ పక్కన వేలాడుతూ కనిపించాయి. రెండూ వెనకాల తీగల గుబురులోకి పోయి మాయమయ్యాయి. ఒకటి లాగాను. బల్ల కింద ఏదో దొర్లిన చప్పుడైంది.

"ఎలకండి," అన్నారు రాజు గారు.

ఎలక పని తరువాత చూద్దామని రెండో కొస అందుకున్నాను. ఇది వేరే రకంగా వచ్చింది. గాలానికి చేపపిల్ల కొరికినట్టు టిక్కు టిక్కుమని చిన్న చిన్న కుదుపులు. ఒక్కో కుదుపుకి కాస్త దారం. లాగేకొద్దీ వస్తోంది.

"చూశారా, ఈ ఫ్యాన్ ఎంత మింగిందో!" అన్నాను.

"ఆయ్! పాపం, అందుకే అరిచిందండి."

మీరిప్పటికే తల పట్టుకుని ఉంటారు. దారం ఎక్కణ్ణుంచి వస్తోందో వంగి చూడరాదా అని అడుగుతారు. ఎందుకు చూడలేదని నన్ను నేను కూడా చాలాసార్లు అడిగాను. సమాధానం ఒక్కటే. సరదాగా ఉందండి! ఆ కుదుపులు వేళ్లకి తగులుతుంటే ఆపబుద్ధి కాలేదు. పైగా మంచి దారం, పారేస్తామా? రాజు గారు రెండు చేతులూ చాపి కూర్చున్నారు. ఆయన చేతులకి నేను చుట్టాను. ఆయన చేతులు నొప్పెడితే నేను చాపాను, ఆయన చుట్టారు. చెరువుల సంగతులు, ఎండల సంగతులు, ఊళ్లో సంగతులన్నీ అయ్యాయి. దారం మాత్రం అవలేదు. చివరికి విసుగొచ్చి నేనే కత్తిరించి, కొబ్బరికాయంత ఉండ చేసి, కంప్యూటర్ ఆన్ చేశాను. చడీ చప్పుడూ లేదు. రాజు గారు చప్పట్లు కొట్టి మరీ వెళ్లారు.

సాయంత్రం సత్యవతి వచ్చింది. ఎదురెళ్లాను.

"విను," అన్నాను.

"ఏం వినాలండీ? ఏం వినబడట్లేదు."

"అదే! ఫ్యాన్ బాగుచేశాను. మాట తప్పానని తిట్టకు. అది మింగిన దారం కూడా కక్కించాను. ఇదిగో, నీకే."

ముందు నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది, అదే బాధ. ఉండ చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక పోగు నిమిరింది. నవ్వు ఆగిపోయింది.

"ఇది వంకీలు తిరిగి ఉందేంటండీ?"

"ఫ్యాన్లో చుట్టుకుంది కదా, అందుకని..."

"ఫ్యాన్లో చుట్టుకుంటే ఇలా ఉండదండి. అల్లి విప్పితే ఉంటుంది."

ఆవిడ బల్ల కిందకి వంగింది. సంచీ తీసింది. ముందు దారపు ఉండ బయటికొచ్చింది. అది రాజు గారి ఎలక. ఆ ఉండకీ గుడ్డకీ మధ్య దారాన్ని సంచీలోంచి ఫ్యాన్ లాక్కుంటే, ముద్దతో పాటు కత్తిరించి రెండు కొసలు చేసింది నేనే. ఆ తరువాత, బల్లంతా పరుచుకోవలసిన గుడ్డ బయటికొచ్చింది. టీ గ్లాసు కింద పెట్టుకునేంత ఉంది. మధ్యలో తామరపువ్వు, దాని చుట్టూ నాలుగు రేకులు. అంతే.

తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది. ఆవిడ నేలమీదే కూర్చుండిపోయి, ఆ చిన్న ముక్కని ఒళ్లో పెట్టుకుని, "దణ్ణం పెట్టాను కదండీ," అంది. అంతే అంది. నాకు సిగ్గేసింది. క్లాసులో పిల్లలు లెక్క తప్పితే నేను వేసే కేకలన్నీ గుర్తొచ్చాయి.

మర్నాడు వీడియోలో బెంగుళూరావిడ ముఖం వెలిగిపోయింది. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందండీ ఇవాళ! రిపేరు చేయించారా?"

"మావారే చేశారండి," అంది సత్యవతి.

"గుడ్డేదండీ?"

"ఇంకొన్ని రోజులు గడువివ్వండి. ఒక చోట అల్లిక తప్పింది. విప్పి మళ్లీ అల్లుతున్నాను."

తలుపు చాటున నిలబడి విన్నాను. తప్పు తన అల్లిక మీద వేసుకుంది! అంత చక్కగా అల్లే మనిషి! అంతకంటే ఆ ఫ్యాన్ మళ్లీ మోత మోగి నా చెవులు మూసేస్తే బాగుండుననిపించింది.

గడువిచ్చారు. వంకీల దారం పనికిరాదని కొత్త దారంతో మళ్లీ మొదలుపెట్టింది. అన్నాళ్లూ వంట నాది. తిన్నవాళ్లని అడగకండి. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు, వాళ్ల పని పోగొట్టబోయిన మహానుభావుణ్ణి చూడ్డానికన్నట్టు వంటింట్లోకి తొంగి చూసి, "మేష్టారండీ, లాగడానికి ఏమైనా కావాలాండీ?" అని అడిగి పోయేవారు. అడిగే హక్కు వాళ్లకుంది. చివరికి గుడ్డ పూర్తయింది, బెంగుళూరావిడకి నచ్చింది, అందరికీ పని దొరికింది. నా పరువు మాత్రం దొరకలేదు.

మిగిలిన ఆ టీ గ్లాసంత ముక్కకి సత్యవతి అంచు కట్టి సీపీయూ మీద పరిచింది. వచ్చినవాళ్లు, "బాగుందండీ, ఇంత చిన్నదేంటి?" అంటారు. ఆవిడ నావైపు చూస్తుంది. నేను కాఫీ తెస్తానని లేచి వెళ్లిపోతాను.

కాబట్టి మీ అందరి ముందూ, వశిష్ఠ గోదారి సాక్షిగా, స్క్రూడ్రైవర్ నేలమీద పెట్టి ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఏ ఫ్యాన్ ఎంత అరిచినా దాని బాధ దానిదే. ఏ దారం కనబడినా రెండో కొస ఎక్కడుందో కళ్లారా చూసిగాని మొదటి కొస ముట్టుకోను. అది నా చొక్కా గుండీదైనా సరే.

ఆచరిస్తున్నాను కూడా. మొన్న బజారు నుంచి కాజాల పొట్లం తెచ్చాను. పైన దారం కట్టి ఉంది. బుద్ధిగా చేతులు వెనక్కి కట్టుకుని, "సత్యా, ఈ దారం లాగొచ్చా?" అని అడిగాను.

ఆవిడ వచ్చింది. పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నా ముఖం చూసింది. తరువాత కొప్పులోంచి సూది తీసి, "మీరు కాస్త దూరంగా కూర్చోండి, నేను విప్పుతాను," అంది.